పిచ్ క్లాక్‌లో ఒక్క సెకను

2023 ఏప్రిల్‌లో నన్ను పిచ్ క్లాక్ ప్రాజెక్టులో వేశారు. అమెరికాలో క్యారీ అనే ఊళ్లో, స్కోర్‌బోర్డులకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ మాది. అందులో నేను టెస్టర్‌ని. ఇతరులు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా ఉద్యోగం. తప్పు దొరికితే దాని మీద ఒక ‘టికెట్’ తెరుస్తాను, అంటే కంప్యూటర్లో ఫిర్యాదు నమోదు చేస్తాను. డెవలపర్ ఆ తప్పు సరిచేయవచ్చు, సరిచేయనని రాసేయవచ్చు. కానీ మా దగ్గర టికెట్‌ను మూసే హక్కు తెరిచినవాడిదే. మూయకుండా ఉన్నవన్నీ రిలీజ్‌కి ముందు డైరెక్టర్ల ముందుకు వెళ్తాయి. టెస్టర్‌కి ఉన్న బలమంతా అదే.

ఆ ఏడాదే బేస్‌బాల్ పెద్ద లీగ్‌లోకి గడియారం వచ్చింది. ఆటలు మూడు గంటలు దాటుతున్నాయి, జనం లేచిపోతున్నారు అని రూల్ మార్చారు. బంతి విసిరే పిచర్‌కి ఇన్ని సెకన్లని గడువు, గడియారం దాన్ని సున్నా దాకా తగ్గిస్తూ లెక్కపెడుతుంది. బ్యాటర్ కూడా గడియారంలో ఎనిమిది ఉండగానే సిద్ధంగా నిలబడాలి, లేకపోతే ఒక స్ట్రైక్ వేస్తారు, మూడు స్ట్రైకులు పడితే అవుట్. మైదానంలో గడియారాలు రెండు వైపులా ఉంటాయి. బ్యాటర్ వెనక ఉన్నదాన్ని పిచర్ చూస్తాడు, దూరంగా అవుట్‌ఫీల్డ్‌లో ఉన్నదాన్ని బ్యాటర్ చూస్తాడు. అంపైర్ మణికట్టుకి ఉన్న యంత్రం బ్యాటర్ వెనక గడియారంతో పాటు నడుస్తుంది.

నన్ను ఈ పనికి ఎంచుకుంటూ మా మేనేజర్ శ్రీధర్ గారు అన్న మాట: “మీకు క్రికెట్ తెలుసుగా ప్రభాకర్ గారూ, అదీ ఇదీ ఒకటే.” ఇది గుర్తుపెట్టుకున్నాను. ఎందుకో తరవాత చెబుతాను.

మా సాఫ్ట్‌వేర్‌ను ముందుగా వాడటానికి, క్యారీకి నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న ప్రొఫెషనల్ క్లబ్ ఒప్పుకుంది. ఆ మైదానంలో గడియారం బటన్లు నొక్కేది రూత్. డెబ్బై రెండేళ్ల ఆవిడ. ముప్పై ఏళ్లుగా స్కోర్‌బోర్డు ఆవిడ చేతిలోనే ఉంది. నేను మూడు ఆటలు, స్టాండ్ పైనున్న గదిలో ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం మా ఇద్దరి మధ్యా పెట్టేది.

ఇంత పాతకాలం మనిషికి గడియారం నచ్చదని అనుకుని, నేనే ముందు ఎత్తుకున్నాను. “గడియారం లేకపోవడమే ఈ ఆటకి అందం కదా. ఎవరికి తొందర?”

రూత్ పెన్సిల్ ఆపలేదు. “హనీ, ఒక్కొక్కడూ గ్లోవ్స్ విప్పి మళ్లీ బిగించుకోవడం చూస్తూ నా జీవితంలో రెండేళ్లు పోయుంటాయి. అవి నాకు తిరిగిచ్చే రూల్ ఏదైనా ఉంటే చెప్పు. అప్పటిదాకా ఈ రూల్ మంచిదే.”

తప్పు రెండో ఆటలో కనబడింది. ఒక్కోసారి అంపైర్ గడియారాన్ని మళ్లీ మొదటికి తిప్పమని వరసగా రెండుసార్లు సైగ చేస్తాడు. రూత్ రీసెట్ బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కింది. అప్పుడు అవుట్‌ఫీల్డ్ గడియారం ఒక సెకను వెనకబడింది. పై గదిలోంచి ఒక్క గడియారమే కనిపిస్తుంది కాబట్టి ఆవిడకి తెలిసే వీలు లేదు. నాకు అనుమానం వచ్చి, మూడో ఆటలో పక్క స్టాండ్‌లో చివరి వరసకి వెళ్లి, రెండు గడియారాలూ ఒకే వీడియోలో పడేలా ఫోన్లో తీశాను. ఒకదాంట్లో తొమ్మిది, ఒకదాంట్లో ఎనిమిది.

టికెట్ తెరిచాను. డెవలపర్ కిరణ్ వరంగల్ కుర్రాడు. ఆఫీసులో రెండు బోర్డులూ ఒకే బల్ల మీద పెట్టి చూసి, “నా దగ్గర రావట్లేదు” అని తిప్పి పంపాడు. వీడియో జతచేసి మళ్లీ పంపాను. నా సీటు దగ్గరకే వచ్చాడు.

“అన్నా, ఒక్క సెకన్‌కి ఇంత లొల్లేంది? గా బ్యాటర్ ఏమన్న రైలెక్కాల్నా?”

“గడియారం అమ్ముతున్నాం కిరణ్. సెకన్లు తప్ప అందులో ఇంకేముంటాయి?”

“సరే సరే, నీతోటి ఎవ్వడు గెలుస్తడే.” నవ్వుకుంటూ వెళ్లి, ‘సరిచేయం’ అని రాశాడు.

మూడోసారి మీటింగ్‌లో లేవనెత్తాను. తొమ్మిదిమంది ఉన్నారు. శ్రీధర్ గారు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా అన్నారు: “ప్రభాకర్ గారూ, మీకు తెలిసింది క్రికెట్. ఇది బేస్‌బాల్. దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.”

ఏప్రిల్‌లో రెండూ ఒకటేనన్న మనిషి, మే నెలలో అన్న మాట ఇది. ఎవరో నవ్వారు కూడా. ఎవరో నాకు తెలుసు. ఇంటికెళ్లి మా ఆవిడ సుధకి చెబితే, “మన పెళ్లిలో మా పిన్ని మీకు రెండో కాఫీ ఇవ్వలేదని ఇప్పటికీ చెప్తారు. దీన్ని ఎన్నేళ్లు చెప్తారో” అంది. రిలీజ్ అయిపోయింది.

జూలైలో ఒక శనివారం ఆట. చివరి ఇన్నింగ్స్, ఇంకొక్కడు అవుటైతే ఆట ముగుస్తుంది. క్లబ్ బ్యాటర్‌కి అప్పటికే రెండు స్ట్రైకులు. అంపైర్ రెండుసార్లు రీసెట్ అడిగాడు, రూత్ రెండుసార్లు నొక్కింది. బ్యాటర్ అవుట్‌ఫీల్డ్ గడియారంలో తొమ్మిది చూసి, ఇంకా టైముందని నింపాదిగా తలెత్తాడు. అంపైర్ మణికట్టు మీద ఎనిమిది దాటిపోయింది. మూడో స్ట్రైక్. బంతి పడకుండానే ఆట అయిపోయింది. క్లబ్ కోచ్ పై గది వైపు వేలు చూపించి అరిచాడట. జనమంతా అటే తిరిగారట.

సోమవారం కిరణ్ మెల్లగా చెప్పాడు. “అన్నా, గా ముసలామె తప్పంట. రెండుసార్లు నొక్కిన, నా చెయ్యే జారినట్టుంది అని ఆమెనే ఒప్పుకుందంట. రేపు క్లబ్ వాళ్లు మీటింగ్ పెట్టిన్రు. ఆమెను ఇగ రావద్దంటరు కావచ్చు.”

ఆవిడ చెయ్యి జారలేదని భూమ్మీద రుజువుతో చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు, ఒకరకమైన తృప్తి. మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ తోసేశారు, ఇప్పుడు చూడండి. వాళ్ల రాతలన్నీ వరసగా చూపిద్దామని పాత టికెట్ బయటికి తీశాను. కిరణ్ రాసినవి ఉన్నాయి. మీటింగ్ నోట్స్‌లోంచి ఎక్కించిన శ్రీధర్ గారి మాట ఉంది. అన్నిటికన్నా కింద, చివరి వరసలో నా పేరుంది.

‘టికెట్ మూసినది: ప్రభాకర్. కారణం: మీ ఇష్టప్రకారమే.’

మే నెల మీటింగ్ అయిన పది నిమిషాలకి మూసినట్టు టైము కూడా ఉంది. అలిగి మూశాను. మూయకపోతే అది డైరెక్టర్ల ముందుకు వెళ్లేది. రెండు నెలలుగా, వాళ్లే మూసేశారని సుధకి చెబుతూ వచ్చాను. చెప్పీ చెప్పీ నేనూ నమ్మాను.

మర్నాడు క్లబ్ ఆఫీసులోకి వెళ్లేముందు, కారు దగ్గర శ్రీధర్ గారు నన్ను పక్కకి పిలిచారు. “వీడియో ఒక్కటీ చాలు ప్రభాకర్ గారూ. హిస్టరీ వద్దు. అందులో నా మాటా బాగాలేదు, కింద మీ పేరూ ఉంది. మీ హెచ్-వన్ వీసా రెన్యూవల్ కూడా దగ్గరపడింది, చూసుకోండి.”

బెదిరించారని అనను. నిజంగా నా మంచికే అన్నారేమో. కానీ వీడియో ఒక్కటే చూపిస్తే, తప్పు ముందే తెలిసి వదిలేశామన్న సంగతి బయటికి రాదు. ఈ మధ్యే వచ్చిన లోపమంటారు, అప్పుడు రూత్ మీద సగం అనుమానం అలాగే ఉంటుంది. టికెట్ మొత్తం తెర మీద పెట్టాను, చివరి వరసతో సహా. ఇది ఏప్రిల్‌లోనే పట్టుకున్నాననీ, మే నెలలో నేనే మూశాననీ చెప్పాను.

క్లబ్ మేనేజర్ రూత్‌కి క్షమాపణ చెప్పాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. నన్నే చూస్తోంది.

“నీకు ఏప్రిల్ నుంచే తెలుసా?”

“తెలుసు. మావాళ్లకి మూడుసార్లు చెప్పాను. వాళ్లు నన్ను...”

“వాళ్ల గురించి అడగడం లేదు. నా పక్కన కూర్చుని నా వేరుశెనక్కాయలు తిన్నావు. నాకెందుకు చెప్పలేదు? ఒక్కసారి నొక్కి ఆగి, మళ్లీ నొక్కేదాన్ని కదా.”

ఆవిడకి చెప్పాలని నాకు తోచనే లేదు. నన్ను ఎవరు తక్కువ చేశారన్న లెక్కలో పడి, ఆ సెకను ఎవరి నెత్తిన పడుతుందో చూడలేదు.

కిరణ్ ఒక్క మధ్యాహ్నంలో సరిచేశాడు. నా వీసా కూడా సజావుగానే వచ్చింది. ఆటను వేగంగా ఆడించాలా వద్దా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే, రూత్ పక్షమే నాది, ఆడించవచ్చు. కానీ సెకన్లతో మనుషుల్ని అవుట్ చేసేటప్పుడు, ఆ సెకను మైదానంలో అందరికీ ఒకటే కావాలి. శ్రీధర్ గారి మాట మాత్రం నేను మరిచిపోలేదు. నవ్వినవాణ్ని కూడా. ఆ బుద్ధి ఇక మారదు. మారింది ఇంతే: తప్పు పట్టుకున్న రోజే, ఆ యంత్రం ముందు కూర్చునే మనిషికి ఫోన్ చేసి చెబుతాను. ఫిర్యాదు నాదే అయినా, దెబ్బ తగిలేది నాకు కాకపోవచ్చు. అందుకని అలిగి దాన్ని మూసే హక్కు నాకు లేదు.

ఆ వారమే ఖాళీ మైదానంలో పరీక్ష చేశాం. రూత్ పైన తన కుర్చీలో, నేను పక్క స్టాండ్ చివరి వరసలో. ఆవిడ వెంటవెంటనే రెండుసార్లు నొక్కింది.

“ఎంత కనబడుతోంది?” అంది ఫోన్లో.

“పదకొండు.”

“ఏ దాంట్లో?”

“రెండింట్లోనూ.”

“ఇంకోసారి చూద్దాం. నీమీద నాకింకా నమ్మకం కుదరలేదు.”

ఇరవైసార్లు నొక్కించాను. తరవాత అక్కడే మెట్ల మీద కూర్చుని, మళ్లీ తెరిచిన ఆ టికెట్‌ను మూశాను. కారణం దగ్గర ఇలా రాశాను: ‘రెండు గడియారాలూ ఒకటే. చూసినవారు ప్రభాకర్, రూత్.’