గాడిపొయ్యి చల్లారని మ్యాచ్

క్రికెట్‌లో పరువు పోగొట్టుకోవడానికి చాలా మార్గాలున్నాయి. సున్నాకే అవుట్ కావచ్చు, చేతిలో పడ్డ క్యాచ్ వదిలేయవచ్చు. నేను బ్యాటు ముట్టకుండా, బంతి పట్టకుండా, గట్టున కుర్చీలో కూర్చునే పోగొట్టుకున్నాను. అంతటి ప్రతిభ ఊరికే రాదు. అజ్ఞానానికి కొంచెం ఉత్సాహం కలిపితే వస్తుంది.

అప్పుడు నాకు ప్రొద్దుటూరులో కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. కుర్రాళ్ళంతా "అయివారూ" అని పిలుస్తుంటే నాకన్నీ తెలుసునన్న భ్రమ కలిగింది. ఆ రోజుల్లోనే, అప్పటికింకా టెస్టు హోదా రాని చిన్న దేశాల మధ్య జరిగే పోటీ గురించి ఫోనులో చదివాను. ఆఫ్ఘనిస్తాన్, ఐర్లాండ్, స్కాట్లాండ్, నమీబియా లాంటి దేశాలు తెల్లబట్టలు వేసుకుని నాలుగేసి రోజులు ఆడతాయట. ఆడి ఆడి ముదిరితే పెద్ద దేశాల సరసన కూర్చోవచ్చట. చదువుతూనే నాకు పూనకం వచ్చింది. మనవైపు ఆదివారం మ్యాచ్ అంటే పొద్దున మొదలై మధ్యాహ్నానికి అయిపోయే వ్యవహారం. ఇట్లా అయితే మనం ఎదిగేది ఎప్పటికి?

వెంటనే మా మామ దగ్గరికి పరుగెత్తాను. నాగయ్య మామ మా అమ్మకు అన్న, ప్రొద్దుటూరు బజారులో బట్టల అంగడి ఉంది. పత్తి మిల్లు పక్కన ఆయన ఖాళీ స్థలంలోనే మా కుర్రాళ్ళు ఆడుకునేది. ఊళ్ళో మాకు వేరే దిక్కు లేదు. ఆయనేమో అక్కడ గోడౌను కట్టాలని చూస్తున్నాడు.

"మామా, మనమూ ఎదుగుతాండే దేశాలమే. ప్రొద్దుటూరు ఆఫ్ఘనిస్తాన్, జమ్మలమడుగు ఐర్లాండ్."

"మరి పులివెందుల?"

"తటస్థ దేశం. అంపైరు ఆడినుంచి వస్తాడు."

మామ మెడలోని టేపు సర్దుకుంటూ ఆలోచించాడు. "సరే అల్లుడా. ఆట మర్యాదగా జరిగితే గోడౌను మాట ఎత్తను, స్థలం మీకే. పేరు చెడిందంటే మాత్రం మర్నాడే పునాది తీపిస్తా. ఇంతకీ నేనేం చేయాల?"

"అన్నం పెట్టాల మామా. ఆట అయ్యేదాకా అన్నం పిలిచినోళ్ళదే గదా, మన ఆనవాయితీ."

"అన్నానిదేముందిలేప్పా," అన్నాడు మామ. ఆయన లెక్క ఒక పూట. నేను సవరించలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. అసలు పోటీలో నాలుగు రోజుల్లో గెలుపు తేలకపోతే మ్యాచ్ డ్రా. డ్రా అంటే మావాళ్ళు కొట్లాడుకుంటారని, గెలుపు తేలేదాకా ఆడాల్సిందేనని నేను సొంత రూలు పెట్టాను. ఆట అయ్యేదాకా అన్నం, గెలుపు తేలేదాకా ఆట. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే తెలివి నాకు లేదు. జమ్మలమడుగు వాళ్ళకు ఉంది.

స్థలం అంచున పొడుగ్గా గుంత తవ్వి గాడిపొయ్యి వెలిగించారు. మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఆట ఆటలాగే సాగింది. అప్పుడు మామ భార్య సుబ్బమ్మత్త భక్ష్యాలు వడ్డించింది, పైన ధారగా నెయ్యి. జమ్మలమడుగు కెప్టెన్ ఓబుళేసు మామూలుగా బంతి కనబడితే పక్కూరు చాపాడు దాకా కొట్టాలని చూసి తొందరగా అవుటయ్యే రకం. ఆ రోజు అదృష్టవశాత్తు ఇంకా మిగిలే ఉన్నాడు. భక్ష్యం తుంచుతూ అడిగాడు.

"అత్తా, రేపేం చేస్తాండారు?"

"పొద్దున ఉగ్గాని, బజ్జీ నాయనా. మధ్యాన్నం గుత్తివంకాయ."

తిరిగి క్రీజులోకి వెళ్ళిన ఓబుళేసు ఎర్రగుంట్ల సిమెంటుతో పోసిన స్తంభంలా నిలబడిపోయాడు. ఎలాంటి బంతి వేసినా మర్యాదగా ఆపి, వంగి తీసి, బౌలరు చేతికే అందించేవాడు.

రెండో రోజు మా బౌలర్ ఖాజాను పక్కకు పిలిచాను. "ఏంది ఖాజా, ఒక్క బంతీ వికెట్లకు పోదేం?"

"నేను వేస్తాండా అయివారూ, అదే పక్కకు పోతాండాది. రేపు పులిహోరంట గదా?"

పొరపాటున ఒక బంతి మాత్రం ఓబుళేసు కాలికి, వికెట్ల ముందు, శుభ్రంగా తగిలింది. మావాళ్ళెవరూ నోరు విప్పలేదు. గట్టు మీద నుంచి నేనే అరిచాను. "గంగన్నా, ఏలెత్తప్పా. అది అవుటే."

పులివెందుల అంపైరు గంగన్న నావైపు జాలిగా చూశాడు. "ఈ ఏలు ఇప్పుడెత్తితే రేపు దేంతో తినాల అయివారూ?"

మూడో రోజుకు చూడవచ్చినవాళ్ళు కూడా నేరుగా పంక్తిలోకే వచ్చి కూర్చుంటున్నారు. మామ అంగడి వదిలేసి వచ్చాడు.

"అల్లుడా, నీ ఐర్లాండుకు శానా ఆకలుండాది. ఈ ఆట ఎప్పుడైపోతాది?"

"గెలుపు తేలినప్పుడు మామా."

"అదెప్పుడు?"

"ఓబుళేసు అవుటైనాక."

"వాడెప్పుడు అవుటైతాడు?"

నేను పొయ్యి వైపు చూశాను. మామ కూడా అటే చూశాడు. "రేపు మేస్త్రీని పిలిపిస్తాండా," అన్నాడు మెల్లగా. "పునాదికి గుంత ఎట్లాగూ తవ్వే ఉంది."

కుర్రాళ్ళ ముఖాలు మాడిపోయాయి. అప్పుడు సుబ్బమ్మత్త కొంగుకు చెయ్యి తుడుచుకుని పంక్తి మధ్యలో నిలబడింది.

"అందరూ కడుపునిండా తినండి నాయనా. రేపు ఏకాదశి. మా ఇంట్లో పొయ్యి వెలిగించం."

పెరుగన్నంలో ఓబుళేసు చెయ్యి ఆగిపోయింది. "మరి ఆట, అత్తా?"

"దానికేం, ఆడుకోండి. నీళ్ళు తాగి ఆడుకోండి."

భోజనం తర్వాత మొదటి బంతికే ఓబుళేసు బ్యాటు గాలిలో గిరగిరా తిరిగింది. బంతి నేరుగా ఖాజా చేతుల్లో పడింది. ఆ తర్వాత వికెట్లు పడలేదు, రాలాయి. గంగన్న ఎవరూ అడగకముందే వేలెత్తేశాడు. పొద్దు గుంకేలోపు రెండు జట్ల ఇన్నింగ్సులన్నీ ముగిశాయి. మేమే ఓడిపోయాం.

ఇంటికి వెళ్ళగానే మామ గోడ మీది క్యాలెండరు చూసి తల గోక్కున్నాడు. "ఏమే, ఏకాదశి మొన్ననే అయిపాయ గదా?"

"మీ మేనల్లుడు ఇష్టమొచ్చినట్టు రూల్సు రాసుకుంటే, ఏకాదశి నా ఇష్టమొచ్చినప్పుడు వస్తాది," అంది అత్త.

మామ నవ్వి నవ్వి టేపు జారవిడుచుకున్నాడు. ఆ నవ్వులోనే గోడౌను కొట్టుకుపోయింది. "స్థలంలో ఆడుకోండిరా. ఆ గుంత మాత్రం నువ్వే పూడ్చాల," అన్నాడు నాతో.

పూడుస్తూ పూడుస్తూ, పిడికెడు బూడిద చేతపట్టి ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ ఆటకైనా ముగింపు రాశాకే మొదలు రాస్తాననీ, గాడిపొయ్యి కనబడేంత దూరంలో వికెట్లు పాతననీ, ఎదిగే బాధ్యతను ఆయా దేశాలకే వదిలేస్తాననీ.

ఆ ప్రతిజ్ఞలో పెళ్ళిళ్ళ ప్రస్తావన లేదు. మరుసటి ఏడు జమ్మలమడుగులో ఓబుళేసు పెళ్ళి జరిగింది. జట్టు మొత్తాన్నీ, గంగన్ననూ వెంటబెట్టుకుని వెళ్ళి మొదటి పంక్తిలో కూర్చున్నాను. రెండో పంక్తి వాళ్ళు మా వీపుల వెనక నిలబడ్డారు. వాళ్ళ వీపుల వెనక మూడో పంక్తి వాళ్ళు. చివరికి పెళ్ళికొడుకే బాసికం సర్దుకుంటూ వచ్చాడు.

"అయివారూ, మా మామగారోళ్ళు నిలబడుకోనుండారు. రోంత తొందరగా కానిస్తారా?"

నేను ఆకులోని లడ్డూను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాను.

"కొత్త బంతి గదప్పా ఓబుళేసూ. మెరుపు తగ్గేదాకా నిదానంగానే ఆడాల."