కంపచెట్ల కింద ఊరు

ఎన్నికలు ముగిసిన ఎండాకాలం. ముద్దనూరు దగ్గరి ఒక పల్లెలో, పులివెందుల నుంచి వచ్చే జమ్మలమడుగు బస్సు కోసం టీ అంగట్లో కూర్చున్నాను. ఆ రోజుల్లో మా పల్లెల్లో పార్టీలు రెండు, కాబట్టి టీ అంగళ్లూ రెండు. ఇది ఎవరిదని అడగలేదు. ప్రొద్దుటూరు కాలేజీలో చరిత్ర చెప్పేవాడికి అంతకు మించిన తెలివి ఆశించకూడదు.

బెంచీలన్నీ రోడ్డుకు వీపు పెట్టి వేసున్నాయి. బస్సు కోసం చూసేవాళ్లకు ఇదేం పద్ధతని ఒకదాన్ని తిప్పుకుని కూర్చుని, పేపరు తెరిచాను. వానలు తెగని మహారణ్యంలో ఒకప్పుడు వీధులు, కాలువలు ఉన్న పెద్ద నగరం ఉండేదా, లేదా అని వ్యాసం.

జీపు ఆగింది. తెల్లపంచె పెద్దాయన నా ఎదురుగా, రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. వెంట వచ్చిన ముగ్గురు కూర్చోలేదు. అది నాకంత నచ్చలేదు.

"ఏంది సార్, అంతగా సదువుతాండావు?"

చెప్పాను.

"అంత ఊరుంటే ఆనవాలు లేకుండా యాడికి పోతాది?"

పాఠం చెప్పే నోరు ఊరుకోదు. "మట్టిగోడలు కదప్పా. మనుషులు పోతే చెట్లు మింగేస్తాయి. దానికి శానా కాలం కూడా పట్టదు. అదో, ఆ ఎదురిల్లు చూడు."

రోడ్డవతల కంపచెట్ల మధ్య మొండిగోడలు. పైకప్పు లేదు. ద్వారబంధానికి పసుపు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. గోడల మీద మసి.

టీ పోస్తున్నాయన చెయ్యి ఆగింది. బెంచీలు ఎందుకట్లా వేశారో అప్పుడు తెలిసింది.

పెద్దాయన వెనక్కి తిరగలేదు.

"యా ఇల్లు సార్?"

నిలబడ్డ ముగ్గురిలో ఒకడు నా వెనక్కి వచ్చాడు. వాడి చెప్పుల చప్పుడు ఆగిన చోటు నా మెడకు బాగా దగ్గర.

"కంపచెట్లప్పా," అన్నాను. "ఎండకు ఇల్లు మాదిరి కనపడింది."

"మల్ల ఆ అడవిలో?"

"ఆడా చెట్లేనప్పా. ఊరేం లేదు."

"నేనూ అదే అంటాండా. పేపరోళ్లకు పనేముంది. సారుకు ఇంకో టీ పొయ్యప్పా."

ఆ టీ అడుగు దాకా తాగాను. జీపు వెళ్లాక లేచి, బెంచీని మళ్లీ రోడ్డుకు వీపు పెట్టి వేశాను. బస్సు వచ్చిన సంగతి చప్పుడు విని తెలుసుకున్నాను.