అరిగిన మడమల సాక్ష్యం

రెండు వారాలు ఇరవై నిమిషాల చొప్పున ఆలస్యమైనందుకు, పద్దెనిమిదేళ్ల పిల్ల పేరును మానసిక సహాయ కేంద్రం తన జాబితాలోంచి కొట్టివేసింది. కారణం అన్న గడిలో రాసినవి రెండే మాటలు: ‘ఆసక్తి లేదు’.

ఆ పిల్లను ఇంట్లో అమ్మడు అంటారు. తండ్రి పోయాక పెంచుతున్నది పెదనాన్న. బస్టాండు గోడవారన గొడుగు కింద ఆయన చెప్పులు బాగుచేస్తాడు. ధరలు మండుతుంటే కొత్తజత కొనేవారు తగ్గి ఆయనకు పని పెరిగిన మాట నిజమే. పెరిగిన రాబడిని తోలూ జిగురూ మింగేశాయి. ఆయన మనుషుల మాట నమ్మడు. నోరు బొంకినా మడమ బొంకదంటాడు.

ఫీజు కట్టలేక చదువు ఆగిన నాటినుంచి అమ్మడు కంచం ముందు కూర్చుని గోడకేసి చూసేది. రాత్రిళ్లు నిద్ర లేదు. ఆసుపత్రి నర్సు ఆ కేంద్రానికి చీటీ రాసిచ్చింది. “మాటలు చెప్పి జబ్బు కుదురుస్తారా?” అని గొణుగుతూనే ఆయన ప్రతి గురువారం బస్సు డబ్బులిచ్చేవాడు. నాలుగో వారానికి పిల్ల పెరుగన్నం అడిగి తింది.

అప్పుడే అమ్మడి చెప్పులు కంటబడ్డాయి. తన చేత్తో వేసిన కొత్త అట్టలు నెలకే బయటి అంచున ఏటవాలుగా అరిగాయి. సందుల్లో కంకర పొడి.

“ఏంటన్నా, మీ పిల్ల బస్సెక్కుతోందా, బస్సుని తోస్తోందా?” అన్నాడు పక్కనే తాళాలు చేసేవాడు.

“నీ పని చూసుకోరా!” అన్నాడు గానీ, అనుమానం పురుగులా తొలవడం మొదలైంది. ఎవడో కుర్రాడున్నాడనుకున్నాడు.

“ఎక్కడికెళ్తున్నావే గురువారాలు?”

“కేంద్రానికే పెదనాన్నా.”

“బస్సులోనేనా?”

“మరి ఎగిరెళ్తానా?”

ఆ గురువారం ఆయన పెట్టె మూసి వెనకాలే నడిచాడు. అమ్మడు బస్టాపు వైపు తల కూడా తిప్పలేదు. రైలుపట్టాల పక్క కంకర మీదుగా, వంతెన కిందుగా గంటన్నర నడక. మోకాలు మొరాయిస్తున్నా ఆయన ఆగలేదు. కుర్రాడెవడూ రాలేదు. పిల్ల కేంద్రంలోకే వెళ్లి, అయిదు నిమిషాల్లో పేరు కొట్టేసిన కాగితంతో బయటికొచ్చింది.

“డబ్బులేం చేశావే?”

“నూనె సీసా ఈ మధ్య ఖాళీ అవట్లేదని మురిసిపోయావుగా పెదనాన్నా. దానంతటదే నిండుతుందనుకున్నావా?”

అన్నింటినీ అనుమానించే మనిషి ఆ ఒక్క సీసాను అనుమానించలేదు. కాగితం లాక్కుని చదివి, చెప్పులు విప్పమని, వాటిని తీసుకెళ్లి గుమాస్తా బల్లమీద బోర్లించాడు.

“చదువుకున్నోళ్లు కదా, ఇవి కూడా చదవండి. ఆసక్తి లేని పిల్ల కాళ్లవేనా ఇవి?”

“ముందు బల్లమీంచి తియ్యండి! రెండుసార్లు లేటైతే పేరు తీసేస్తాం, అది రూలు. మళ్లీ దరఖాస్తు పెట్టండి. నాలుగు నెలలు పడుతుంది.”

అమ్మడు ఇప్పుడు మళ్లీ కంచం ముందు గోడకేసి చూస్తోంది. పెదనాన్న ఆ చెప్పులకు అట్టలు మార్చలేదు; కేంద్రం ఇచ్చిన కాగితంలోనే చుట్టి పనిముట్ల పెట్టెలో దాచాడు.

కేంద్రం నిర్వాహకులారా, ఆ రెండు మాటలు కొట్టివేయండి. వచ్చే గురువారమే అమ్మడిని లోపలికి పిలవండి. రానూపోనూ బస్సు ఛార్జీ మీరే ఇవ్వండి. కుదరదంటే ఎందుకు కుదరదో కాగితం మీద రాసి, కింద మీ సంతకం పెట్టి పంపండి.