పరుపు కింద ఫిల్ము

నా భార్య ఎడమ ఊపిరితిత్తిలో పైభాగం ఒక్కటే తీయాలి. మొత్తం తీసేశారు. రోగం పాకిందని కాదు, కింది భాగం నిక్షేపంగా ఉంది. ఒక రక్తనాళాన్ని ఇంకొకటి అనుకొని కట్టేశారు. దాంతో కింది భాగం చెడింది. చెడింది కాబట్టి తీశారు. ఆ నాళం ఆమెలో అందరిలా లేదని స్కాన్ ఫిల్ములో ముందే కనబడింది. దాని మీద పెన్నుతో సున్నా చుట్టి కూడా ఉంది. కోసిన రోజు ఆ ఫిల్మును ఎవరూ చూడలేదు.

ఈ చివరి మాట ఒక్కటి రాసివ్వమని ఏళ్ల తరబడి అడిగాను.

నేను బడికి పోయినవాణ్ని కాను. గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయి ఏరేవాణ్ని. పెట్టెల్లో కాయల కింద పరిచిన పాత పేపర్లు, తెలుగువీ ఇంగ్లీషువీ, కూడబలుక్కొని చదవడం నేర్చుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నా భార్యకు పడుచు వయసులో క్షయ వచ్చి తగ్గింది. తగ్గినా ఊపిరితిత్తిలో ఒక గుంత మిగిలింది. ముసలితనంలో ఆ గుంతలో బూజు పట్టి, దగ్గితే నెత్తురు పడటం మొదలైంది. కొన్నాళ్లు కొంగులో దాచింది. బట్టలు నానబెట్టేటప్పుడు నా కంటపడింది.

సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. పేరు రాయను. అక్కడ ఒక పెద్ద డాక్టరు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి చాలాసేపు చూశారు.

"ఏం పని చేస్తవయ్యా?" అన్నారు నన్ను.

"పండ్ల మార్కెట్ల, సార్. బత్తాయిలు."

"బత్తాయి కోస్తే తొనలెన్ని ఉంటయి?"

"పది ఉండొచ్చు, పదకొండు ఉండొచ్చు. ఒక్క చెట్టు కాయలే లెక్క కలవవు సార్. కోస్తేనే తెలుస్తది."

"మనిషి లోపల గూడ గంతే. మాకు కొయ్యకముందే తెలవాలె, అదే తిప్పలు." ఫిల్ము మీద వేలు పెట్టారు. "ఊపిరితిత్తుల నుంచి గుండెకు నెత్తురు మోసే సిరలు ఎడమ దిక్కు రెండుంటయి. పైభాగానికి ఒకటి, కిందిదానికి ఒకటి. ఈమెకు రెండూ గుండె బయటనే కలిసి, చెట్టు బోదె లెక్క ఒక్కటే అయినయి. పైదే అనుకొని ఈ బోదె కట్టినమనుకో, కింది భాగంల నుంచి నెత్తురు బయటికి పోయే తొవ్వ ఉండదు. నిండి, నల్లబడి, సస్తది." జేబులో పెన్ను తీసి సున్నా చుట్టారు. "పరేషాన్ గాకు. నేనే చేస్త."

నేను పరేషాన్ కాలేదు. ఒకరు చూశారు, గుర్తు పెట్టారు. ఇంకేం కావాలి?

వార్డులో చేరిన రోజున ఆయమ్మ నా చంకలో ఫిల్ము కవరు చూసింది. "ఏందయ్యా, గట్ల సంకల పెట్టుకొని తిరుగుతవు? అది వంగితే మల్ల తీపియ్యమంటరు. పరుపు కింద పెట్టు, సాపుగ ఉంటది." ఆ వార్డులో అందరిదీ అదే పద్ధతి. డాక్టర్లు వచ్చి ఫిల్మేదని అడిగితే రోగిని ఒక పక్కకు ఒరిగించి కింద నుంచి లాగి ఇచ్చేవాళ్లు. నేనూ పెట్టాను.

ఆపరేషన్ పెట్టిన రోజు ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్ వచ్చింది. పెద్ద డాక్టరు ఇల్లు హయత్‌నగర్ దాటి. ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద వంటావార్పు, పొయ్యిలు, డప్పులు. ఆయన కారు కదల్లేదు. అంతకుముందు జరిగిన వంటావార్పులో పొయ్యికి కట్టెలు మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడే కూర్చొని పప్పన్నం తిన్నాను. రాష్ట్రం కావాలని నాకూ ఉండె. ఇది దాచను.

ఆపరేషన్ వాయిదా పడింది. మళ్లీ వంతు వచ్చేసరికి పెద్ద డాక్టరు సెలవులో ఉన్నారు. వేరే సర్జను చేస్తారన్నారు. స్ట్రెచర్ తోసేవాళ్లు ఇద్దరు వచ్చి, వాళ్లలో వాళ్లే సరిచూసుకున్నారు.

"కేస్ షీటుందా?"

"ఉంది."

"స్కాన్ రిపోర్టు?"

"అండ్లనే కుట్టిన్రు."

"నడువు మరి."

రిపోర్టంటే రెండు వాక్యాల కాగితం. గుంత ఉంది, బూజు ఉంది, అంతే. సిర ఊసు లేదు. ఫిల్మేదని వాళ్లు అడగలేదు. అడుగుతారని కాచుకున్నాను, వాళ్లు అడగకపోయేసరికి ఇవ్వలేదు. అడిగినప్పుడు ఇవ్వడమే వార్డులో నేర్చుకున్న పని.

స్ట్రెచర్ మీద నుంచి ఆమె అన్నది: "ఆకలితోని కూసోకు. సంచిల పుట్నాలున్నయి."

ఖాళీ అయిన మంచం మీద కూర్చున్నాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటింది. కదిలినప్పుడల్లా పరుపు కింద ఫిల్ము కరకరలాడింది. వంగిపోతుందేమోనని కదలకుండా కూర్చున్నాను.

సర్జను బయటికొచ్చి, "లోపలంత ఖరాబైంది, మొత్తం తీసేసినం. మనిషి బతికింది, అది చూస్కో," అని వెళ్లిపోయాడు. నేను చేతులు జోడించాను. ఆ జోడించిన చేతుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొన్ని వారాలకు చూపించుకోవడానికి పోతే పెద్ద డాక్టరు కుర్చీలో ఉన్నారు. డిశ్చార్జి కాగితం చదివారు. ఫిల్మడిగారు. ఇచ్చాను. తన సున్నా తనే చూసుకున్నారు.

"ఇది ఆడ చూపెట్టలేదా?"

"ఎవ్వరడగలే సార్."

"బోదె కట్టేసిన్రు," అన్నారు. గొంతు తగ్గింది. "కట్టినంక తెల్సుంటది. అప్పటికేం చేస్తరు."

"గీ ముక్క రాసియ్యున్రి సార్."

"నేనాడ లేనయ్యా. లేనోన్ని ఎట్ల రాస్త?"

ఆ తర్వాత ఆయన రిటైరయ్యారు. మళ్లీ కలవలేదు.

కోఠి ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన డాక్టరీ పుస్తకమొకటి దొరికింది, ఇంగ్లీషుది. డిక్షనరీ పక్కన పెట్టుకొని బొమ్మలు చూసేవాణ్ని. పై వాటాలో గుంటూరు నుంచి వచ్చిన లెక్చరరు ఉండేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పేవాడు. నాకు అడ్డం పడిన చోట చదివి పెట్టేవాడు.

"అంకుల్, ఇక్కడేమంటున్నాడంటే, ఈ నాళాలు అందరిలో ఒక్కలా ఉండవంట. అందుకని స్కాన్‌లో ముందే వెతుక్కోవాలి. పై సిర కట్టే ముందు కింది సిర విడిగా ఉందో లేదో కళ్లతో చూసుకోవాలంట."

"మీ పిల్లలకు గిది చెప్తరా?"

"ఎక్కడండీ! బొమ్మలో రెండు గీయాలి. ఒకటే గీస్తే మార్కు కొట్టేస్తాను."

"గట్లయితే దేవునికి గూడ కొట్టేయున్రి."

అతను నవ్వబోయి ఆగాడు.

మార్కెట్లో హమాలీలు, "ఆంధ్రోడు కోసిండా? గందుకే!" అన్నారు. కోసినవాడు మా జిల్లావాడే. లెక్చరరు భార్య, "ఆ బంద్‌లే లేకపోతే ఆంటీకి ఇలా అయ్యేదా అండీ?" అన్నది. ఎవరికి కావలసిన కారణం వాళ్లు తీసుకున్నారు. బంద్ వల్ల రోజు మారింది, నిజమే. రోజు మారితే ఫిల్మెందుకు మారాలి? సున్నా చెరిగిపోయిందా? ఇద్దరితోనూ కొట్లాడాను. ఇద్దరూ నాతో మాటలు తగ్గించారు.

ఆమెకు మాత్రం కొట్లాడే ఊపిరి లేదు. బిందె ఎత్తలేదు, రెండు మెట్లు ఎక్కితే కూలబడేది. పార్లమెంటులో బిల్లు గట్టెక్కిన సాయంత్రం చౌరస్తా నుంచి మా సందు దాకా టపాసులే. పొగ లోపలికి రాకుండా కిటికీలు మూసి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. ఆమె గోడకు ఆనుకొని ముందుకు వంగి కూర్చున్నది.

"ఒచ్చిందా?"

"ఒచ్చింది."

"మంచిగైంది." రెండు మూడు ఊపిరులు కూడదీసుకుంది. "నా తిత్తి ఎప్పుడిస్తరో గది గూడ అడుగు."

బయట డప్పు కొడుతున్నారు. నేను కోరుకున్న రాష్ట్రమే. తలుపు తీయలేకపోయాను.

ఆ ఏటి వానాకాలం ఆమె దాటలేదు. జలుబు చేసింది, ఉన్న ఒక్క ఊపిరితిత్తికి నిమ్ము పట్టింది. ఏ దవాఖానకూ రానన్నది. బలవంతం చేయడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత నాకు మిగిలిన పని కాగితాలు రాయడమే. సమాచార హక్కు కింద ఒకటే ప్రశ్న: ఆపరేషన్ చేసిన రోజున ఆ ఫిల్ము ఎవరైనా చూశారా? మాకు సంబంధం లేదని ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపింది. ఆ ఆఫీసు మళ్లీ దవాఖానకే పంపింది. రాష్ట్రం మారింది, ఆఫీసుల బోర్డులు మారాయి, నేను మళ్లీ మొదటి నుంచి పెట్టాను. పండ్ల మార్కెట్ కూడా గడ్డిఅన్నారం నుంచి లేచిపోయింది. ఫిల్ము ఇప్పటికీ నా పరుపు కిందనే ఉంది. సున్నా వెలిసిపోయింది గాని కనబడుతుంది.

చివరకు జవాబు వచ్చింది. ఇదీ అది, అక్షరం మార్చలేదు:

"అయ్యా, తమరు కోరిన సమాచారము: శస్త్రచికిత్స రోజున సదరు స్కాన్ ఫిల్ము థియేటరుకు చేరలేదు. అది రోగి భర్త వద్దనే ఉన్నది. ఆయన దానిని అందజేయలేదు. ఇందుమూలముగా మీ దరఖాస్తు ముగించడమైనది."