వెర్నా నోరు విప్పని నలభై ఏళ్లు

యుద్ధకాలంలో వెర్నా వాషింగ్టన్‌లో అధ్యక్షుడి దగ్గర టైపిస్టు. విదేశీ రాయబారులతో సాగిన మంతనాలు ఆమె వేళ్ల మీదుగానే కాగితమెక్కాయి. నోరు విప్పనని ప్రమాణం చేసింది కనుక, నెబ్రాస్కా రాష్ట్రంలో నలభై ఏళ్లు కాపురం చేసినా భర్త క్లెటస్‌కు ఒక్క ముక్క చెప్పలేదు.

"లోకాన్నంతా నువ్వే కాపాడినట్టు ఏంటే ఆ బిగింపు?" అని అతను దెప్పేవాడు.

"కాపాడానేమో, నీకేం తెలుసు?" అనేది వెర్నా.

చివరికి ఆ కాగితాల మీద రహస్యమన్న ముద్ర తీసేశారని పేపర్లో వచ్చింది. ఇద్దరూ చర్చికి వేసుకునే బట్టలు తొడుక్కుని, రోజంతా కారు నడిపి, ఆ అధ్యక్షుడి పత్రాలు దాచిన గ్రంథాలయానికి వెళ్లారు. అక్కడి ఉద్యోగిని ఒక పెట్టె తెచ్చిపెట్టింది. క్లెటస్ కళ్లజోడు సవరించుకుని అందులోని కాగితాలు చదివాడు.

విందుగదిలోకి ముందు ఎవరు అడుగుపెట్టాలో తేలక ఇద్దరు రాయబారులు పదకొండు రోజులు ఉత్తరాలు రాసుకున్నారు. ఈలోగా యుద్ధభూమిలో కుర్రాళ్లు ముందూవెనకా చూసుకోకుండానే ప్రాణాలొదిలారు. ఆఖరికి మహామేధావులంతా కూడి గోడకు రెండో తలుపు పెట్టించారు.

"నలభై ఏళ్లు నా దగ్గర దాచింది తలుపునా?" అన్నాడు క్లెటస్.

వెర్నా ముఖం ఎర్రబడింది. ఇరవై రెండేళ్ల వయసులో ఆ ఉత్తరాలు ఆమెకు ఎంతో ఘనంగా కనిపించాయి మరి.

"ఇంకో పేజీ ఉందండీ. దేశభద్రత కోసం దాన్ని ఇంకా బయటపెట్టలేదు," అంది ఉద్యోగిని.

క్లెటస్ భార్యను కొత్త గౌరవంతో చూశాడు. "అందులో ఏముందే?"

వెర్నాకు బాగా గుర్తుంది. ఆ విందులో వడ్డించిన వంటకాల జాబితా.

"చెప్పకూడదు," అంటూ ఆమె హుందాగా చేతిసంచి అందుకుంది.