రబ్బరు కప్ప

ఇవాళ కువైట్‌లోని సబా అల్ సలేంలో, నేను పనిచేసే ఇంట్లో, మేం 'మామా' అని పిలిచే యజమానురాలి కొడుకు చేపల వేటకి సామాను సర్దుకుంటున్నాడు. రేపు పున్నమట, చేపలు బాగా పడతాయట. పెట్టెలోంచి ఒక రబ్బరు కప్ప జారి నా కాళ్ల దగ్గర పడింది.

కోనసీమ కాలవ గట్ల మీద పెరిగినవాళ్లారా, గాలానికి కప్పని కట్టి, నీళ్ల మీద గెంతించి కొర్రమీను పట్టేవాళ్లం, గుర్తుందా? మా నాన్న అమావాస్య నుంచి రోజులు లెక్కపెట్టి మరీ బయల్దేరేవాడు. నీళ్లపైన ఎర్రగా కొర్రమీను పిల్లల గుంపు తేలితే మాత్రం గాలం చుట్టేసేవాడు.

"తల్లి కిందే ఉంటాదమ్మా. అది ఆకలికి రాదు, పిల్లల కోసం వత్తాది. అక్కడ ఎయ్యకూడదు."

తొమ్మిదేళ్ల నేను ఒకరోజు ఆయన చూడకుండా ఆ గుంపు మీదే వేశాను. తల్లి దొరికింది. నాన్న తిట్టలేదు, నీళ్లకేసి చూపించాడంతే. పిల్లలు అక్కడక్కడే తిరుగుతున్నాయి.

కప్పని పెట్టెలో పెట్టేసి, మా అక్క దగ్గర ఉంటున్న నా కూతురికి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావే?"

"నువ్వు ఆటో ఎక్కావు కదమ్మా, అక్కడే. బడి అయిపోయాక రోజూ ఇక్కడే కూకుంటన్నాను."