డిస్క్ హద్దు దాటి వచ్చిన మాట

దయ్యం కథ ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. కంప్యూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. చెడిందంటే కారణం ఉంటుంది, వెతకడం చేతకానివాడే దయ్యమంటాడు. ఇప్పటికీ అదే అంటాను. మెట్‌పల్లిలో చూసినదొక్కటే గొంతులో ముల్లులా ఉండిపోయింది.

అక్కడ మా బావకు పెండ్లి వీడియోల స్టూడియో ఉంది. గల్ఫ్‌లో ఉన్న బంధువులు ఎప్పుడైనా అడుగుతారని ఎవరి వీడియోనూ చెరపడు. అన్నిటినీ ఒకే వర్చువల్ డిస్క్‌లో, అంటే హార్డ్‌డిస్క్‌లా పనిచేసే ఒక పెద్ద ఫైల్‌లో కుక్కాడు. మళ్లీ మళ్లీ పెంచే బాధ వద్దని దాని సైజుకు నోటికొచ్చిన అంకె కొట్టాడు. అంత అంకె వాడి పాత ప్రోగ్రాంలో పట్టదు. స్కూటర్ మీటరులో అన్నీ తొమ్మిదులయ్యాక సున్నాకు వచ్చినట్టు, లెక్క తిరగబడి మైనస్‌లోకి పోతుంది. డిస్క్ చివరివైపున్న వీడియో తెరవగానే ప్రోగ్రాం కూలిపోయేది.

అలా చిక్కుకున్నది పద్మ పెండ్లి వీడియో. ఆమె భర్త దుబాయిలో చనిపోయాడు. వచ్చిన పెట్టె మూత తీయనివ్వలేదట, ముఖం కూడా చూడలేదు. ఫోన్‌లో దాచుకున్న మాటలు ఫోన్‌తోపాటే పోయాయి. ఆ వీడియోలో, అత్తారింటి గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి పేరు చెప్పమంటే, ఆయన ఆమె పేరు చెప్పాడు. చిన్నబిడ్డకు తండ్రి గొంతు వినిపించాలంటే మిగిలింది అదొక్కటే.

బాగుచేయమని బావ పిలిస్తే నేను వెళ్లేసరికి ఆమె స్టూడియో బయట బెంచీ మీద కూర్చుని ఉంది. పొద్దటి నుంచీ అక్కడే ఉందట. మా బావ కసురుతూనే ఉన్నాడు.

"రోజొచ్చి నెత్తిమీద కూసుంటే అయితదా? పోయి రేపు రాపో!"

"నేను పోనన్నా. ఆయన మాట ఇన్నంకనే పోత."

నాకు తిక్క రేగింది. "నువ్వు జేసిన తప్పుకు ఆమె మీద ఒర్రుతవేంది బావా?" అన్నాను. ఇద్దరం తిట్టుకుంటూనే పనిలో పడ్డాం. లెక్క పట్టేంత చోటు ప్రోగ్రాంలో ఇచ్చాను. ప్రతిసారీ చదవబోయే చోటు డిస్క్ హద్దులో ఉందో లేదో ముందే చూసుకోవాలని, లేకపోతే హెచ్చరిక చూపి చదవకుండా ఆగాలని రాశాను.

మధ్యాహ్నానికి వీడియో తెరుచుకుంది. ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పద్మను లోపలికి పిలిచాను. గడప, నవ్వులు, ఆయన ఆమె పేరు చెప్పడం. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది పాపం. వీడియో అయిపోయింది.

అప్పుడు నేను రాసిన హెచ్చరిక తెర మీద పడింది. హద్దు దాటిన చోటు, చదవలేదు అని. చదవకపోతే బొమ్మ రావద్దు కదా! వచ్చింది. అదే గడప. ఆడపడుచులు లేరు, చుట్టాలు లేరు. నుదుట బాసికంతో ఆయనొక్కడే, సరిగ్గా మా బావ వైపు చూస్తున్నాడు. కొట్టడానికి వచ్చినవాడి చూపు అది.

"పొద్దటిసంది కూసున్నది. అన్నం తిన్నవా అని ఒక్కలన్న అడిగిన్రా?"

తెర ఆరిపోయింది.

"గా వీడియో నేను తియ్యలే. అవ్వతోడు, నేను తియ్యలే" అన్నాడు బావ. పద్మ మాత్రం భయపడలేదు. "ఫోన్ జేస్తే ముందుగాల గా మాటే అడుగుతుండె" అంది.

డిస్క్ అంతా జల్లెడ పట్టాను. ఆ వీడియో ఆయన ఆమె పేరు చెప్పడంతోనే ముగుస్తుంది. నా ప్రోగ్రాందే తప్పనుకోండి, ఒప్పుకుంటాను. కానీ ఆమె ఆకలితో కూర్చుందని ఏ తప్పుకు తెలుస్తుంది? నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆ రోజు మా బావే కంచం కడిగి పద్మకు అన్నం వడ్డించాడు. ఆమె తిని లేచేదాకా పక్కనే నిలబడ్డాడు, తెర వైపు తిరగలేదు.